ఫ్రీగా చదువుకునే దేశాలు వదిలి యూరప్ వాళ్లు అమెరికాకు ఎందుకొస్తారు? నా ల్యాబ్‌లో ఐదేళ్లు చూసింది చెబుతాను

వచ్చే ఆగస్టులో మీరు అమెరికాలో పీహెచ్‌డీలో చేరుతున్నారు, మీ ల్యాబ్‌లో ఇద్దరు జర్మన్లు, ఒక ఇటలీ అమ్మాయి ఉన్నారు. "వాళ్ల దేశాల్లో చదువు ఫ్రీ కదా, ఇక్కడికెందుకు వస్తారు? మనతో కలుస్తారా?" అని అడిగారు. సరిగ్గా ఇదే సందేహంతో నేను 2014లో ఖమ్మం నుంచి బయల్దేరాను. మిడ్‌వెస్ట్‌లో (అమెరికా ఉత్తర మధ్య రాష్ట్రాల్లో) ఒక స్టేట్ యూనివర్సిటీ, మెటీరియల్స్ సైన్స్. మా ల్యాబ్‌లో నాతోపాటు చేరినవాళ్లలో ఒకరు జర్మనీలోని కార్ల్స్‌రూహే అబ్బాయి, ఒకరు ఇటలీలోని పాదోవా అమ్మాయి. తర్వాతి ఏడాది అమెరికా ప్రభుత్వం నడిపే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద స్పెయిన్ నుంచి ఇంకో అమ్మాయి వచ్చింది. ఈ ముగ్గురి గురించే రాస్తాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది వీళ్లే.

ముందు "ఫ్రీ" సంగతి. యూరప్ అంతా ఒకటే లెక్క కాదు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో అక్కడి వాళ్లకు ట్యూషన్ ఫీజు 2014తో పోయింది. నెదర్లాండ్స్‌లో అక్కడి వాళ్లే ఏడాదికి 2,500 యూరోలకు పైనే కడతారు. ఇంగ్లండ్‌లో అయితే డిగ్రీకే వేల పౌండ్లు. కాబట్టి ఫ్రీ అనేది జర్మనీ, డెన్మార్క్, స్వీడన్ లాంటి చోట్ల మాట. అసలు సంగతి వేరే ఉంది. అమెరికాలో పీహెచ్‌డీ కూడా మనం చేతి నుంచి డబ్బు పెట్టి చదివేది కాదు. టీఏ (బోధనలో సాయం), ఆర్‌ఏ (పరిశోధనలో సాయం) పని ఇచ్చి ట్యూషన్ మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. అందుకే యూరప్ వాళ్లు ఎక్కువగా పీహెచ్‌డీకి వస్తారు, లేదంటే తమ యూనివర్సిటీకీ ఇక్కడి యూనివర్సిటీకీ ఒప్పందం ఉంటే ఒక సెమిస్టరో ఏడాదో ఎక్స్‌ఛేంజ్‌కి వస్తారు. మనలాగా లోన్ తీసుకుని ఎంఎస్‌కి వచ్చిన యూరప్ విద్యార్థి మా డిపార్ట్‌మెంట్‌లో ఐదేళ్లలో నాకు ఒక్కరూ తగల్లేదు. వాళ్లకూ మనకూ మధ్య అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది.

మరి ఎందుకొచ్చావని మా జర్మన్ అబ్బాయిని మొదటి నెలలోనే అడిగాను. అక్కడే ఉంటే మాస్టర్స్ తర్వాత నేరుగా యూనివర్సిటీ ఉద్యోగిగా చేరి డాక్టరేట్ చేసేవాడు. జీతం, పెన్షన్ జమ అన్నీ ఉండేవి. అతని క్లాస్‌మేట్లకు మా స్టైపెండ్ కంటే ఎక్కువే వచ్చేది. అయినా వచ్చాడు, ఎందుకంటే మా అడ్వైజర్ (పీహెచ్‌డీ గైడ్) చేసే పని చేసేవాళ్లు అతనికి ఇంకెక్కడా దొరకలేదు. ఆవిడ రాసిన పేపర్లు మాస్టర్స్‌లో ఉండగానే చదివి, ఈమెయిల్ రాసి, స్కైప్‌లో రెండుసార్లు మాట్లాడి, అప్పుడు అప్లై చేశాడు. ఒక్క యూనివర్సిటీకే! నేను తొమ్మిదింటికి అప్లై చేసి, వచ్చిన వాటిలో ర్యాంకు చూసి ఎంచుకున్నాను. అడ్వైజర్ పేరు అడ్మిషన్ వచ్చాకే సరిగ్గా చదివాను.

ఇటలీ అమ్మాయి కారణం వేరు. అక్కడ పీహెచ్‌డీ సీట్లు తక్కువ, ఇచ్చే డబ్బు తక్కువ, ఆ తర్వాత యూనివర్సిటీలో పర్మనెంట్ ఉద్యోగానికి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. బయట పనిచేసి వస్తేనే లోపల విలువ అనేది. ఆ మాట వింటుంటే మన దగ్గర కాంట్రాక్ట్ లెక్చరర్లు గుర్తొచ్చేవాళ్లు నాకు.

చదువు విషయంలో మాత్రం వాళ్లు మనకంటే తక్కువేమీ ఇబ్బంది పడలేదు. డిగ్రీలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలని యూరప్ దేశాలు 1999లో చేసుకున్న బొలోన్యా ఒప్పందం తర్వాత అక్కడ చాలా దేశాల్లో డిగ్రీ మూడేళ్లయింది, పైన మాస్టర్స్ రెండేళ్లు. మన మూడేళ్ల బీఎస్సీని కొన్ని అమెరికా యూనివర్సిటీలు ఒప్పుకోకుండా "ఇంకో ఏడాది ఏది?" అని అడుగుతాయి కదా, ఆ ప్రశ్న వాళ్లూ ఎదుర్కొన్నారు. ఇక మార్కులు. జర్మనీలో 1.0 అంటే టాప్, 4.0 అంటే అతి కష్టం మీద పాస్. అమెరికాలో 4.0 అంటేనే టాప్. మొదటి సెమిస్టర్ రిజల్ట్ వచ్చిన రోజు నాకు 4.0 వచ్చిందని చెబితే ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది, "పర్వాలేదు, వచ్చే సెమిస్టర్‌లో చూసుకుందాం" అని ఓదార్చాడు. నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. పాదోవాలో పరీక్షలు చాలావరకు ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పేవి, 30కి మార్కులు, వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్లీ రాసుకోవచ్చు. అలాంటి చోటు నుంచి వచ్చిన అమ్మాయికి ఇక్కడ ప్రతి గురువారం హోంవర్క్, రెండు మిడ్‌టర్మ్‌లు, ఒక క్విజ్ అంటే ఊపిరాడలేదు. "ఇది స్కూలా?" అనేది. చిన్నప్పటి నుంచి స్లిప్ టెస్టులు రాసి రాసి ఉన్నాం కాబట్టి మనకు అలవాటే. మొదటి ఏడాది కోర్సుల్లో నా నోట్స్ వాళ్లిద్దరి దగ్గరా తిరిగింది. అదే క్వాలిఫైయింగ్ ఎగ్జామ్‌లో (పీహెచ్‌డీ కొనసాగించాలంటే పాసవ్వాల్సిన పరీక్ష) బోర్డు దగ్గర నిలబడి నోటితో వివరించాల్సి వచ్చినప్పుడు నేను వణికిపోయాను. ఆ అమ్మాయి మూడు వారాలు ప్రతి సాయంత్రం ఖాళీ క్లాస్‌రూమ్‌లో నన్ను బోర్డు ముందు నిలబెట్టి ప్రశ్నలు అడిగింది. నేను పాసయ్యానంటే అందులో సగం ఆమెదే.

"మనతో కలుస్తారా" అన్న ప్రశ్నకు వస్తాను, ఇదే నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది. యూరప్ వాళ్లకు అమెరికాలో అంతా సులువు, తెల్లవాళ్లు కాబట్టి ఇట్టే కలిసిపోతారు అని నేనూ అనుకున్నాను. చూసింది వేరు.

నేను ఎయిర్‌పోర్టులో దిగేసరికి మన స్టూడెంట్ అసోసియేషన్ వాళ్లు వ్యాన్ తెచ్చారు. ముందే వాట్సాప్‌లో మాట్లాడుకున్న ఇద్దరు తెలుగమ్మాయిలతో అపార్ట్‌మెంట్ సిద్ధంగా ఉంది. పాత సీనియర్ ఇచ్చిన పరుపు, కుక్కర్, రాత్రికి పప్పుచారు. జర్మన్ అబ్బాయికి ఇవేవీ లేవు. నాలుగు రాత్రులు హైవే పక్కన మోటెల్‌లో ఉండి, ఒక సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొనుక్కుని వాల్‌మార్ట్‌కి బయల్దేరాడు. ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. దుప్పటి కట్ట హ్యాండిల్‌కి కట్టుకుని వస్తుంటే పోలీసు కారు ఆపి, కారు చెడిపోయిందా, సాయం కావాలా అని అడిగారట. ఊళ్లో ఎక్కడికైనా ట్రామ్ ఎక్కి వెళ్లే మనిషికి అది చాలా కొత్త. ఊరు మొత్తంలో అతని భాష మాట్లాడేవాళ్లు ఎవరున్నారో చెప్పే వాట్సాప్ గ్రూపు కూడా లేదు.

సెప్టెంబరు అద్దె కట్టే రోజు కొత్త చెక్‌బుక్ పట్టుకుని నా డెస్క్ దగ్గరికొచ్చాడు. జీవితంలో ఒక్క చెక్కు కూడా రాయలేదట, వాళ్ల దగ్గర అద్దె బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్లిపోతుంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా నాన్న ఎస్‌బీఐ చెక్కు ఎలా రాయాలో నాకు నేర్పించారు: అంకెకు ముందు ఖాళీ వదలకూడదు, అక్షరాల్లో రాశాక చివర "ఓన్లీ" అని రాసి గీత కొట్టాలి. నాన్న చెప్పినట్టే చెప్పాను. చివరి ఏడాది దాకా అతని చెక్కుల మీద ఆ "ఓన్లీ" ఉండేది.

నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ సెలవులకు క్యాంపస్ ఖాళీ అయిపోతుంది. అమెరికన్లు ఇళ్లకు వెళ్తారు. మన వాళ్లు ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో చేరతారు. ఆ మొదటి సంవత్సరం ఇటలీ అమ్మాయి నాలుగు రోజులు డార్మ్‌లో ఒంటరిగా గడిపిందని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి పిలవాలని తోచలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. జనవరిలో మా రూమ్మేట్ ఒకరు వేరే ఊరికి మారితే ఆమెను మా అపార్ట్‌మెంట్‌లోకి రమ్మన్నాం. నాలుగేళ్లు కలిసి ఉన్నాం.

వాళ్ల నుంచి నేను నేర్చుకున్నదాంట్లో పెద్దది సెలవు అడగడం. జర్మనీలో వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు చట్టప్రకారం ఏడాదికి కనీసం 20 రోజులు సెలవు. అమెరికాలో అలాంటి ఫెడరల్ చట్టమే లేదు. అయినా ఆ అబ్బాయి మొదటి ఏడాది మేలోనే గ్రూప్ మీటింగ్‌లో "ఆగస్టులో మూడు వారాలు ఉండను" అని మామూలుగా చెప్పాడు. నేను ఊపిరి బిగపట్టాను. అడ్వైజర్ క్యాలెండర్‌లో రాసుకుని తర్వాతి విషయానికి వెళ్లిపోయింది. ఆ తర్వాతి సంవత్సరం మా అమ్మమ్మ పోతే నేను ఖమ్మం వెళ్లి ఆరో రోజుకే ల్యాబ్‌లో ఉన్నాను, పెద్దకర్మకు కూడా ఆగలేదు. "ఎవరు రమ్మన్నారు నిన్ను?" అని జర్మన్ అబ్బాయి అడిగాడు. ఎవరూ రమ్మనలేదు. నేను అడగనే లేదు, వాళ్లు కాదననూ లేదు. అడ్వైజర్‌ని "ప్రొఫెసర్" అని కూడా కాదు, "మేడమ్" అనే పిలిచేదాన్ని అప్పటికి. జర్మనీలో ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవరు, అతనికీ అది కష్టంగానే ఉండేది. అయితే గౌరవం వేరు, భయం వేరు అని అతనికి తెలుసు. నాకు తెలియడానికి అమ్మమ్మ పోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. వాళ్ల ధైర్యం వెనక వ్యవస్థ కూడా ఉంది. వెనక్కి వెళ్తే నెత్తిన లోన్ లేదు, ఆరోగ్యానికి ఇన్సూరెన్స్ ఉంది. అందుకే "వాళ్లలా ఎందుకు ఉండలేను" అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. వీసా దగ్గర మాత్రం మొదట్లో అందరం ఒకటే. టూరిస్టుగా 90 రోజులు వీసా లేకుండా వచ్చే జర్మన్ కూడా చదువుకు ఎఫ్-1 స్టూడెంట్ వీసా తీసుకోవాలి, విదేశీ విద్యార్థుల నమోదుకు సెవిస్ ఫీజు కట్టాలి, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదన్న నిబంధన పాటించాలి. దారులు విడిపోయేది చదువయ్యాక. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉంది. జర్మన్ అబ్బాయీ నేనూ 2020లో ఒకే ఈబీ-2 కేటగిరీలో (పై చదువులు చదివినవాళ్లకు ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డు), దాదాపు ఒకే రకం పేపర్లతో అప్లై చేశాం. అతనికి రెండేళ్లలోపే వచ్చింది. మన దేశం లైన్‌లో 2025లో కూడా 2013 ప్రాంతంలో అప్లై చేసినవాళ్ల వంతే నడిచింది. కార్డు వచ్చిన రోజు అతను నాకు ఫోన్ చేసి సంతోషంగా మాట్లాడలేకపోయాడు. ఆ రోజు నేను మనస్ఫూర్తిగా సంతోషపడ్డాను, రాత్రికి ఏడ్చాను కూడా. రెండూ నిజమే.

అలాగని వాళ్లందరికీ తలుపులు తెరిచి ఉండవు. స్పెయిన్ అమ్మాయిది ఫుల్‌బ్రైట్ కాబట్టి జే-1 (ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాముల్లో వచ్చేవాళ్లకు ఇచ్చే) వీసా, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. అప్పటిదాకా హెచ్-1బీ గానీ గ్రీన్ కార్డు గానీ కుదరదు. చివరి ఏడాది మంచి కంపెనీ పర్మనెంట్ ఉద్యోగం ఇస్తామన్నా వదులుకుని వెళ్లింది. మీకు ఎవరైనా జే-1 ఇస్తామంటే ఈ రెండేళ్ల నిబంధన మీకు వర్తిస్తుందో లేదో కాగితాల మీద చూసుకున్నాకే సంతకం పెట్టండి.

2019 ఏప్రిల్లో ఇటలీ అమ్మాయి థీసిస్ డిఫెన్స్, అంటే థీసిస్ మీద ప్రశ్నలకు జవాబులు చెప్పే చివరి పరీక్ష. వాళ్ల దగ్గర చదువు పూర్తయిన రోజు తలకు లారెల్ ఆకుల కిరీటం పెడతారు. వాళ్లమ్మ పాదోవా నుంచి ఎర్ర రిబ్బన్ తెచ్చింది, ఆకులు తేలేదు. నేను ఇండియన్ స్టోర్ నుంచి బిర్యానీ ఆకు రెండు ప్యాకెట్లు తెచ్చాను, రెండూ ఒకటే అనుకున్నాను. ఆవిడ ఒక ఆకు తీసి లైటుకు అడ్డంగా పట్టి చూసింది. లారెల్‌కు మధ్యలో ఒకటే ఈనె ఉంటుందట, మన బిర్యానీ ఆకుకు మూడు ఈనెలు. చెట్టే వేరు. అయినా ఎండిన ఆకులను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాం. మామిడాకుల తోరణం కట్టే పద్ధతిలో వైరుకు నేను గుచ్చుతుంటే ఆవిడ రిబ్బన్ చుట్టింది. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, నాకు ఇటాలియన్ రాదు. అర్ధరాత్రి దాకా వంటింట్లో కూర్చున్నాం. మర్నాడు ఆమె సమాధానాలు ముగించగానే మా జర్మన్ అబ్బాయి చప్పట్లు కొట్టకుండా వేళ్ల కణుపులతో బల్ల మీద టకటకా తట్టాడు, వాళ్ల క్లాసుల్లో మెచ్చుకోలు అలాగే. మేమందరం తట్టాం. రూమంతా ఆ ఆకుల మసాలా వాసన.

ఇప్పుడు గాలి కొంచెం ఎదురుగా కూడా వీస్తోంది. 2025 మేలో యూరోపియన్ కమిషన్ "చూజ్ యూరప్" అని 2025–27కి 50 కోట్ల యూరోలు ప్రకటించింది, పరిశోధకులను అటు రప్పించడానికి. మీ జర్మన్ ల్యాబ్‌మేట్లను దాని గురించి, అక్కడి పోస్ట్‌డాక్‌ల (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగాల) గురించి తప్పకుండా అడగండి. మన వాళ్ల గ్రూపుల్లో ఈ సమాచారం తక్కువగా దొరుకుతుంది.

మీరు దిగిన మొదటి వారంలో మన వాళ్లు ఎలాగూ మిమ్మల్ని కారులో సామాన్లు కొనడానికి తీసుకెళ్తారు. వెళ్లే ముందు ల్యాబ్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి, కారులో ఒక సీటు ఖాళీ ఉంది, ఎవరైనా వస్తారా అని. మీ ల్యాబ్‌లోని ఆ ముగ్గురిలో కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే పరుపు, దుప్పటి ఉన్నాయో లేదో కనుక్కోండి. నవంబరు మొదట్లోనే థాంక్స్‌గివింగ్‌కి ఏం చేస్తున్నారని అడగండి.