ఫ్లష్ పెద్దదా, స్ట్రెయిట్ పెద్దదా?

ప్రశ్న: మూడు ముక్కలాటలో వరుస ముక్కలు ఒకే జాతి ముక్కలను ఓడిస్తాయి. పోకర్‌లో మాత్రం ఫ్లష్ (అయిదూ ఒకే జాతి ముక్కలు) ముందు స్ట్రెయిట్ (అయిదు వరుస ముక్కలు) ఓడిపోతుంది. ఎందుకండీ?

జవాబు: ఈ రెండింటి విషయంలో రెండు ఆటల్లోనూ నియమం ఒక్కటే: ఏది అరుదుగా పడుతుందో అదే పెద్దది. మూడేసి ముక్కల చొప్పున సాధ్యమయ్యే 22,100 కలయికల్లో వట్టి వరుసలు (అన్నీ ఒకే జాతివి కానివి) 720 మాత్రమే కాగా, ఒకే జాతివి 1,096 ఉన్నాయి. అదే అయిదేసి ముక్కలకు వచ్చేసరికి స్ట్రెయిట్లు 10,200కు పెరిగి, ఫ్లష్‌లు 5,108 దగ్గరే ఆగిపోతాయి కనుక వాటి స్థానాలు తారుమారయ్యాయి. ఫ్లష్ పైన ఫుల్ హౌస్ (మూడు ఒకే అంకెవి, మిగతా రెండు మరో జత), నాలుగు ఒకే అంకెవి, స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే జాతి వరుస) వరుసగా వస్తాయి. స్ట్రెయిట్ కింద మూడు ఒకే అంకెవి, రెండు జతలు, ఒక జత, చివరికి వట్టి పెద్ద ముక్క.

కొత్తవారు తరచుగా తడబడేది ఆసు దగ్గర. ఆసు, 2, 3, 4, 5 స్ట్రెయిటే, కానీ అందులో ఆసు చిన్నదై పోతుంది కాబట్టి 2 నుంచి 6 వరకు ఉన్న వరుస దాన్ని ఓడిస్తుంది; రాణి, రాజు, ఆసు, 2, 3 అసలు వరుసే కాదు. సాధారణ పోకర్‌లో జాతుల మధ్య హెచ్చుతగ్గులు లేవు, ఇస్పేటు ఫ్లష్‌కూ కళావరు ఫ్లష్‌కూ అంకెలన్నీ సమానమైతే పందెం సొమ్మును పంచుకోవలసిందే.