ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ రాయి (మేనకోడలికి ఉత్తరం)

అమ్మాయ్,

నీ ఆత్మకథ కాగితాలు అందాయి. తీరిగ్గా చదివాను. "కోపం తగ్గించి రాయండి, లేకపోతే వేసేవాళ్లు జంకుతారు" అని ఎవరో అన్నారని రాశావు. వాళ్ల మాట పట్టించుకోకు. నాకైతే అందులో కోపం ఇంకా చాల్లేదు.

మూడో అధ్యాయం తీసుకో. కుప్పనూర్పులయ్యాక నాన్న నిన్ను వెంటబెట్టుకుని కామందు కళ్లానికి వెళ్లాడు. కుంచం కొలత తక్కువొచ్చిందన్నాడు, ఆయన తిట్టాడు, మీరు వచ్చేశారు. ఇదంతా నాలుగు వాక్యాల్లో తేల్చేసి, తర్వాత రెండు పేజీలు కులాహంకారాన్ని దుమ్మెత్తిపోశావు. ఆ రెండు పేజీలూ మన మీటింగుల్లో ఎవరైనా చెప్పేవే. ఆ నాలుగు వాక్యాలు మాత్రం నువ్వే రాయాలి. కుంచం నిండాక పైన గుట్టగా లేచిన గింజల్ని అరచేత్తో తోసేసిందెవరు? నాన్న తువ్వాలు భుజం మీదే ఉందా, తీసి చంకలో పెట్టుకున్నాడా? "సిత్తం అయ్యగారూ" అన్నాడా, అదీ అనలేదా? నువ్వు ఆయన వేలు పట్టుకుని నిలబడ్డావు కదా, ఆ చెయ్యి వణికిందా, బిగుసుకుందా? నోరెత్తే వీల్లేని చోట కోపం ఒంట్లోనే ఎక్కడో ఉంటుంది. దాన్ని అక్కడే పట్టుకోవాలి.

అంబేడ్కర్ తన చిన్ననాటి ప్రయాణం గురించి రాసుకున్నది చూడు. 1901లో తండ్రి దగ్గరికి వెళ్తూ పిల్లలంతా మసూరు స్టేషన్లో దిగారు. మంచి బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్న స్టేషన్ మాస్టరు, మహార్లమని, అంటే అక్కడి అంటరాని కులంవాళ్లమని, వినగానే ముఖం మార్చేసుకున్నాడు. చేతిలో డబ్బుంది, బయట బండ్లున్నాయి, ఎక్కించుకునేవాడు లేడు. రెట్టింపు బాడుగకి చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. అదీ బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. ఆ ఘట్టంలో ఒక్క తిట్టు కనపడదు. చదివిన నాకు మాత్రం రాత్రి నిద్రపట్టలేదు.

అలాగని గొంతెత్తకూడదని కాదు. మన రాజమండ్రిలో వైద్యం చేసుకునే కుసుమ ధర్మన్న గారు 1921 నాటికే నల్లదొరల, అంటే మన పైకులాల దొరల, పెత్తనం మాకొద్దని పాట కట్టారు. పాటకి ఆ కేక చెల్లుతుంది, నలుగురూ గొంతు కలుపుతారు. మూడొందల పేజీలు ఒకే గొంతుతో అరిస్తే చదివేవాడు చెవులు మూసుకుంటాడు.

మొదటి అధ్యాయంలో కొబ్బరిచెట్లు, కాలవలు, పచ్చదనం తీసెయ్. అది సినిమావాళ్ల కోనసీమ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయి నీళ్లొచ్చాయని రాశావు. బాగానే ఉంది, ఆ నీళ్లు ఎవరి చేలోకి వెళ్లాయి? మన పేట ఏటిగట్టు కింద పల్లంలో ఎందుకుంది? 1986 ఆగస్టు వరదకి ముందు మునిగింది మనమే. బడిలో తలదాచుకుంటే పులిహోర పొట్లాలు మన దోసిళ్లలోకి పైనుంచి జారవిడిచారు, చెయ్యి తగలకుండా. అప్పటికి నువ్వు పుట్టలేదు, కావాలంటే నా పేరున రాసుకో.

ఇక అసలు కష్టమైన చోటు. కళ్లం నుంచి వచ్చిన రాత్రి "ఇంట్లో గొడవ జరిగింది" అని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఏం గొడవో నాకు తెలుసు. మా చెల్లి, అదే మీ అమ్మ, కనుబొమ్మ చిట్లి, పైటకొంగు అదుముకుని మా గడపలోకొచ్చింది. కళ్లంలో నోరెత్తలేని మనిషి ఇంటికొచ్చి చేసిన పని అది. పుస్తకమంతా మా బావని, అదే మీ నాన్నని, దేవుణ్ణి చేశావు. ఆయన్ని ప్రేమించావు కాబట్టే అది దాచావని తెలుసు. కానీ కామందు చేసింది కళ్లంతో ఆగలేదు, మన వంటింటిదాకా వచ్చింది. అది రాయకపోతే నీ రెండు పేజీల తిట్లకి ఆధారమే ఉండదు. బావని వెనకేసుకురాకు, బోనులోనూ నిలబెట్టకు. జరిగింది జరిగినట్టు పెట్టు.

పేర్ల గురించి అడిగావు. బతికున్నవాళ్ల పేర్లు మార్చు. పేరు మార్చి "చెరువుగట్టు మేడ" అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది, ఆ మేడనీ మార్చు. కులం పేరు మాత్రం మార్చకు. "ఒక వర్గం వారు" అని పత్రికల్లో రాసే రాత నీకొద్దు. మన కూరలకీ, మన ప్రార్థనలకీ కింద అర్థాలివ్వడం కూడా మానెయ్. ఎవరికి సంజాయిషీ ఇస్తున్నావు?

ఆ రాత్రి సంగతి రాశాక ముందు మీ అమ్మకి చదివి వినిపించు. పక్కన ఎవరూ లేనప్పుడు. వద్దంటే తీసెయ్, అది ఆవిడ దెబ్బ. కామందు కొడుకులు వద్దంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యి.

క్రిస్మస్‌కి వచ్చేటప్పుడు మూడో అధ్యాయం ప్రింటు తీయించి పట్రా. ఫోన్లో పంపకు, అక్షరాలు ఆనడం లేదు.

మీ మావయ్య