అడ్వాన్స్‌లో కోత గురించి ముందే చెప్పాలంటున్నాను, నాదే చాదస్తమా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. మా ఆయన, మరిది కలిసి బెంగళూరు మారతహళ్ళిలో బిల్డింగ్ లీజుకు తీసుకుని లేడీస్ పీజీ నడుపుతున్నారు. ఫోన్లు ఎత్తడం, గదులు చూపించడం నా పని. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లోంచి మెయింటెనెన్స్ అని రెండు వేలు కోసుకుంటాం. చేరేటప్పుడు ఆ మాట చెప్పొద్దంటాడు మరిది. వేడినీళ్ళు పొద్దున కాసేపే వస్తాయి, బోర్డు మీద మాత్రం 24 గంటలని ఉంది. ఇప్పుడు త్రీ షేరింగ్ గదుల్లో నాలుగో మంచం వేద్దామంటున్నాడు. కాదన్నానని నాతో మాట్లాడటం మానేశాడు. "వ్యాపారంలో ఇవన్నీ మామూలే" అంటారు అత్తగారు. "తమ్ముడితో గొడవెందుకు, ఊరుకో" అంటారు మా ఆయన. మన ఊళ్ళ నుంచి తల్లులు ఫోన్ చేసి "అమ్మా, మా పిల్ల జాగ్రత్త" అంటుంటే నాకు నిద్ర పట్టడం లేదు. నాదే చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదమ్మా. బోర్డు రాయించింది ఎవరైనా, డబ్బు కోసుకునేది ఎవరైనా, ఆ తల్లులకు మాట ఇచ్చేది మీరు. దాచమన్న భారమంతా మీ నోటి మీదే పడింది. టెన్షన్ ఉండదా మరి?

ముందు నాలుగో మంచం సంగతి తేల్చేద్దాం. దానికి వాదనే అక్కర్లేదు. 2024లో అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు పెట్టిన నిబంధనల ప్రకారం ఒక్కొక్కరికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్ళు ఉండాలి. టేపు పెట్టి గది కొలవండి. నలుగురికి 280 చదరపు అడుగులు రాకపోతే ఆ మాట అక్కడితో సరి. వదిన వద్దందని ఆగడం కన్నా రూలు ఒప్పుకోదని ఆగడం మీ మరిదికీ సులువు.

మిగతా వాటికి రూలు పుస్తకం కన్నా మనసుకు వేసుకునే ప్రశ్నలు పనికొస్తాయి. 1932లో అమెరికాలో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన దివాలా అంచున ఉన్న వంటపాత్రల కంపెనీని చేతికి తీసుకున్నాడు. ఏ నిర్ణయానికైనా ముందు తనకు తాను వేసుకోవడానికి నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. ఇది నిజమేనా? సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా? మంచి పేరు, స్నేహం పెరుగుతాయా? అందరికీ మేలు జరుగుతుందా? 1943లో రోటరీ వాళ్ళు వీటిని తమవి చేసుకున్నారు. ఆ కంపెనీ ప్రకటనల్లోంచి ‘అన్నిటికన్నా గొప్పవి’ లాంటి మాటలు తీసేశారట. రుజువు చేయలేని మాట మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది కదా. మీ బోర్డు మీది 24 గంటలూ అంతే. నీళ్ళు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా వస్తాయో అదే రాయించండి. ఒకరిద్దరు గది చూసి వెనక్కి వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వండి.

ఈ కథలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. టేలర్ ఆ ప్రశ్నలను ముందు తన బల్ల అద్దం కింద పెట్టుకుని తానే పాటించి చూశాడు, ఆ తర్వాతే కింది అధికారులకు చూపించాడు. మీరూ వీటిని మరిది తప్పులు లెక్కపెట్టడానికి వాడకండి. రెండో ప్రశ్నలో ‘అందరికీ’ అంటే ఆ అమ్మాయిలతో పాటు మీ మరిది, వంటమనిషి, గదులు ఊడ్చే ఆమె కూడా. లీజు అద్దె, వంట గ్యాస్, జీతాలు, ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్ల ఖర్చు ఎవరి జేబులోంచి పోతోంది? బహుశా నెలాఖరుకు ఆ లెక్క చూసి భయపడేది అతనే కావచ్చు. ఆ భయాన్ని మీరు గుర్తించనంత కాలం మీ మాట అతనికి నీతిపాఠంలాగే వినిపిస్తుంది.

రెండు వేలు తీసుకోవడం తప్పని నేను అనను. గోడలకు రంగు, పరుపులు శుభ్రం చేయించడం, అన్నీ ఖర్చే. ముందు చెప్పకపోవడమే తప్పు. ఒక అమ్మాయి సగటున పది నెలలుంటుందనుకుంటే అది నెలకు రెండు వందలు. కొత్తగా చేరేవాళ్ళకు అద్దెలోనే ఆ రెండు వందలు కలపండి, అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చేయండి. లేదంటే కోత ఎంతో రసీదు మీద తెలుగులో, ఇంగ్లిషులో రాసి, ఫోన్లో మొదటిసారే చెప్పండి. మీ ఆదాయం ఎక్కడికీ పోదు. ఖాళీ చేసి వెళ్ళే అమ్మాయి తన ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు మీ పీజీ పేరు చెప్పడానికీ మొహమాటపడదు.

ఇదంతా ముందు మీ ఆయనతో మాట్లాడండి. అత్తగారి ఎదుట వద్దు, మరిది ఉన్నప్పుడు అసలే వద్దు. "మీ తమ్ముడు మోసగాడు" అన్న అర్థం వచ్చే మాట ఒక్కటి దొర్లినా ఆయన తమ్ముడి పక్కకే వెళ్తారు. "కోత సంగతి చెప్పకుండా నేనిక ఫోన్ మాట్లాడలేనండీ" అనండి. అది మీ చేతిలో ఉన్న విషయం. ఆయన ఊరుకో అన్నా ఆ ఒక్కదాని మీద నిలబడండి. తర్వాత అన్నదమ్ములిద్దరినీ లెక్కల పుస్తకంతో కూర్చోమనండి, ఖర్చులు మీరే చదవండి.

ఒకటి మాత్రం మీకు కాస్త కష్టంగా ఉంటుంది. ఇప్పటికే మీ దగ్గర ఉంటూ, కోత గురించి తెలియకుండా చేరిన అమ్మాయిలున్నారు కదా. వాళ్ళకు పూర్తి అడ్వాన్స్ ఇచ్చి పంపించాలి. మరిది గట్టిగా అడ్డుపడేది ఇక్కడే. ఒక్కసారిగా అంత డబ్బు కదలదంటే, వచ్చే నెల ఖాళీ చేసేవాళ్ళతో మొదలుపెట్టమని అడగండి.