క్రోమ్ ప్లేటింగ్ పనిలో ముక్కులోంచి రక్తం వస్తోంది, మాస్క్ పెట్టుకుంటే సరిపోతుందా?

ప్లేటింగ్ పనిలో చేరి ఆరు నెలలైంది, ముక్కులో పక్కులు కట్టి అప్పుడప్పుడు రక్తం పడుతోంది, నొప్పి లేదు, గుడ్డ మాస్క్ కట్టుకుంటే చాలంటున్నారు, నిజమేనా అని అడిగారు. చాలదండి. నొప్పి లేదు కదా అని మాత్రం ఊరుకోవద్దు, నేను చేసిన తప్పు అదే.

నాలుగేళ్లు హార్డ్ క్రోమ్ ట్యాంకుల దగ్గర, అంటే యంత్ర భాగాలకి మందంగా క్రోమ్ పూత వేసే చోట, పనిచేశాను. మొదట్లో తుమ్ములు, తర్వాత పొద్దున లేవగానే ముక్కులో గట్టి పక్కులు, తీస్తే కాస్త రక్తం. ఒక డాక్టర్‌కి చూపిస్తే అలర్జీ మాత్రలు రాశారు, ఆయన తప్పేం లేదు, నేను ఏం పని చేస్తానో చెప్పలేదు. కొన్నాళ్లకి ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్కులో సన్నగా ఈల వేసినట్టు చప్పుడు రావడం మొదలైంది. అప్పుడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళితే, లైటు వేసి చూసి, రెండు రంధ్రాల మధ్య గోడకి చిల్లు పడిందన్నారు. అది పడుతున్నన్నాళ్లూ నాకు ఏమీ తెలియలేదు.

ట్యాంకులో ఉండే క్రోమిక్ యాసిడ్‌లోది హెక్సావేలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో బాగా విషపూరితమైన రకం. మనం పెట్టే కరెంటులో కొంచెమే పూతకి పనికొస్తుంది, మిగతాది చాలావరకు హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు పుట్టిస్తుంది, అవి పైకొచ్చి పగిలినప్పుడల్లా యాసిడ్ సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తుంది. మన ముక్కులో చేరేది ఆ తుంపరే. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల్లో ఈ హెక్సావేలెంట్ క్రోమియం ఒకటి, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మొదటి గ్రూపులో పెట్టింది. అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 2006లో పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనమీటరు గాలిలో 5 మైక్రోగ్రాములు, 2013లో అక్కడి పనిచోట ఆరోగ్యం మీద పరిశోధన చేసే సంస్థ నియోష్ అయితే 0.2 దాటకూడదని సిఫారసు చేసింది. అంత తక్కువ కంటికి కనబడదు, కాబట్టి పొగ లేదు కదా అనే మాట నమ్మకండి.

గుడ్డ మాస్క్ ఈ తుంపరని ఆపదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే, దీనికి తగిన ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, కానీ అది కూడా ఆఖరి అడ్డే. ముందు తుంపర ట్యాంకు దగ్గరే ఆగాలి: అంచునే లాగేసే ఎగ్జాస్ట్, ద్రావణం మీద నురగ కట్టించే మందు. ఎగ్జాస్ట్ ఆడుతోందా, గాలి ఎప్పుడు కొలిచారు అని సూపర్‌వైజర్‌ని అడగండి, ఒక్కరే అడగడానికి టెన్షన్ అయితే నలుగురు కలిసి అడగండి.

చేతులు కూడా చూసుకోండి. చిన్న గీత మీద ఈ యాసిడ్ పడితే గుంటలా లోతుగా పుండు పడుతుంది, అది కూడా పెద్దగా నొప్పి పెట్టదు. పడిన వెంటనే నీళ్లతో బాగా కడగాలి. పని బట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు, నేను తెలియక చాలాకాలం అలాగే చేశాను, ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

నా చిల్లు పూడలేదు, రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటాను. మీది ఇంకా పుండు దశలోనే ఉండొచ్చు, ఈ వారమే ఈఎన్‌టీకి చూపించండి, వారం చివరి షిఫ్టు అయ్యాక మూత్రంలో క్రోమియం పరీక్ష చేయించుకోవాలా అని కూడా అడగండి. వెళ్లేటప్పుడు డ్రమ్ము మీద రాసి ఉన్న రసాయనం పేరు ఫోన్‌లో ఫోటో తీసుకెళ్లండి.