మనుషుల మనస్తత్వంలో మీకు స్వానుభవంతో తెలిసొచ్చిన వింత ఏమిటి?

మనకు సాయం చేసినవాళ్ల మీద కంటే, మనం సాయం చేసినవాళ్ల మీదే మనకు ప్రేమ ఎక్కువ. మనల్ని బాధపెట్టినవాళ్లను ఎప్పటికో క్షమిస్తాం గానీ, మనం మాట తప్పినవాళ్లు ఎదురుపడితే చిరాకు పడతాం. ఇది నాకు నలభై దాటాక గానీ తెలిసిరాలేదు.

డబ్బుకి బాగా ఇబ్బంది పడ్డ రోజుల్లో ఒక స్నేహితుడు అడగ్గానే అప్పిచ్చాడు. నోటు రాయించుకోలేదు. మూడు నెలల్లో ఇస్తానన్న నేను ఏడాదిన్నర దాటించాను. అన్నాళ్లలో అతను ఒక్కసారైనా అడగలేదు. అయినా నా దృష్టిలో చెడ్డవాడైపోయాడు. మరీ గట్టిగా నవ్వుతాడనీ, చెప్పిందే చెబుతాడనీ నా భార్య దగ్గర ఏకరువు పెట్టేవాణ్ణి. ఫోన్‌లో అతని పేరు కనిపిస్తే ఎత్తేవాణ్ణి కాదు. చివరికి బాకీ తీర్చిన రోజు ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. అదే నవ్వు, అవే పాత కబుర్లు, ప్రాణానికి హాయిగా ఉంది. ఇంటికొస్తుంటే సిగ్గేసింది. అతనిలో వెంట్రుకవాసి కూడా మారలేదు మరి! అతన్ని చూసినప్పుడల్లా నా మాట తప్పడం గుర్తొచ్చేది, ఆ బరువు దించుకోవడానికి అతనిలో తప్పులు వెతికాను. అందుకే మేలు మరిచినవాళ్లను చూస్తే ఇప్పుడు మునుపటంత కోపం రాదు. లోపల ఎంత సిగ్గు మోస్తున్నారో అనుకుంటాను.

సాయం చేసినవాడికే ప్రేమ పుడుతుందన్న సంగతి అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి బాగా తెలుసు. పెన్సిల్వేనియా శాసనసభలో గుమాస్తాగా ఉండగా, తనంటే పడని ఒక సభ్యుణ్ణి మంచి చేసుకోవాలనుకున్నాడు. ఆయన దగ్గరున్న ఒక అరుదైన పుస్తకం చదివి ఇస్తానని చీటీ రాసి తెప్పించుకున్నాడు, వారంలో కృతజ్ఞతలతో తిప్పి పంపాడు. అంతవరకూ పలకరించని ఆ మనిషి తర్వాత తనే వచ్చి మాట కలిపాడట. 1969లో జెకర్, లాండీ అనే పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. గెలుచుకున్న డబ్బు తిరిగివ్వమని ప్రయోగం నడిపినాయన స్వయంగా బతిమాలితే, ఇచ్చేసినవాళ్లకే ఆయన మీద ఇష్టం ఎక్కువైంది.

నాకైతే ఇది మా నాన్న దగ్గర అనుభవమైంది. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ మాటలు తక్కువ. నన్ను చదివించడానికి ఆయన పడ్డ కష్టం తెలుసు, గౌరవం ఉంది. దగ్గరితనం మాత్రం లేదు. మంచాన పడ్డ చివరి ఆరు నెలలూ నేనే చూసుకున్నాను. మొదట్లో బాధ్యత అనుకునే చేశాను, అబద్ధం చెప్పను. కాలిగోళ్లు గట్టిపడిపోయి నెయిల్ కట్టర్‌కి లొంగేవి కావు. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి, పాదం నా ఒళ్లో పెట్టుకుని, కొంచెం కొంచెంగా తీసేవాణ్ణి. చిటికెన వేలి గోరు ఎప్పుడూ వంకరగా లోపలికి పెరిగేది, దానికే ఎక్కువసేపు పట్టేది. ఆయన నొప్పని అనేవారు కాదు, నా చేతుల వైపే చూస్తూ ఉండేవారు. రెండో నెలకి ఆఫీసులో ఉన్నా ఆ చిటికెన వేలు గుర్తొచ్చేది. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందు ఎన్నడూ కలగలేదు.

ఒక కాలు అయ్యాక, నేను అడక్కముందే రెండో కాలు ముందుకు చాపేవారు.