ముందు గోడను గోకి చూడండి

ప్రశ్న: అక్కా, నమస్తే. పరకాల దగ్గర మా ఊళ్లో తాతగారు కట్టించిన భవంతి ఉంది. నడుమ పైకప్పు లేని వాకిలి, చుట్టూ పడసాల, ఎనిమిది టేకు స్తంభాలు, వెనక ధాన్యం పోసే గుమ్ములు ఉండే చీకటి అర్ర (గది). పదేళ్లుగా తాళం వేసి ఉంది. మా ఆయనకు హనుమకొండ బదిలీ కావడంతో ఇక అక్కడే ఉందామనుకుంటున్నాం. స్తంభాలకు పచ్చ ఎనామిల్ వేసి ఉంది, గోడలకు వేసిన ప్లాస్టిక్ పెయింటు పొట్టులా రాలుతోంది. సిమెంటు చేసి పుట్టీ పెడదామని మేస్త్రీ అంటున్నాడు. హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే ఒకాయన దగ్గర చెట్టినాడు తలుపులు, చెక్క ఉయ్యాల చూసి వచ్చాం, లక్షల్లో చెప్పాడు. ఏ రంగులు వేయాలి, ఏం కొనాలి?

జవాబు: చెల్లెమ్మా, ఆ తలుపులకు అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇంటికి తాళం తీసి నాలుగు రోజులు కూడా కాలేదు, అప్పుడే కొనడం మొదలుపెడితే ఇంట్లో ఏముందో చూసుకునే తీరిక పోతుంది. ఆ చెట్టినాడు తలుపు ఎంత అందంగా ఉన్నా అది ఎక్కడో కూల్చేసిన ఇంకో ఇంటిది. మీ దగ్గర కూలకుండా నిలబడిన ఇల్లే ఉంది.

ముందు ఒక బ్లేడు తీసుకుని తలుపు వెనకో, దీపం పెట్టే గూట్లోనో, ఎవరికీ కనిపించని చోట రూపాయి బిళ్లంత మేర గోడను నిదానంగా గోకండి. పైన ప్లాస్టిక్ పెయింటు, దాని కింద సున్నం, ఆ కింద ఇంకో సున్నం, అలా పొరలు పొరలుగా బయటపడతాయి. మా అమ్మమ్మ ఇంట్లో ఇలాగే గోకితే, మేమెవరం చూడని లేత నీలం బయటికొచ్చింది, సున్నంలో నీలిమందు కలిపి వేసింది. దాని కింద జాజు (ఎర్రమట్టి) ఎరుపు. ఆ నీలం చూసి మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఇది మా అక్క పెళ్లికి వేసింది" అంది. ఏ రంగు వేయాలని మీరు నన్ను అడిగారు గానీ, జవాబు మీ గోడలోనే ఉండొచ్చు, అందుకే ముందు చూడమంటున్నాను.

ఇప్పుడు పెయింటు ఎందుకు రాలుతోందో చెబుతాను, ఎందుకంటే మీ మేస్త్రీ దాన్ని మరింత పాడు చేయబోతున్నాడు. ఆ కాలపు గోడలు చాలావరకు రాయీ మట్టీ కట్టుబడి, పైన గానుగలో తిప్పిన డంగు సున్నం పూత. వానాకాలంలో నేల చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నం పూత దాన్ని మెల్లగా బయటికి వదిలేస్తుంది, ఎండాకాలానికి గోడ ఆరిపోతుంది. దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు పెయింటు వెనక చేరి ఉబ్బుతుంది, ఉబ్బి రాలుతుంది. కింద సిమెంటు వేస్తే చెమ్మ అక్కడ బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. మా ఇంట్లో ఒక గోడకు మేమూ ఇదే చేయించాం, రెండు వానాకాలాలకే నడుమెత్తున మొత్తం ఊడి వచ్చింది. అందుకని సిమెంటు వద్దు, పుట్టీ వద్దు. పెయింటు గీకించి, దెబ్బతిన్న చోట్ల సున్నంతోనే పూత వేయించండి. గీకకుండా సున్నం కొట్టిస్తే అది పెయింటు మీద పట్టదు, డబ్బు వృథా.

సున్నం కొట్టే పనివాళ్లు ఇప్పుడు తక్కువే, అయినా పెద్దవాళ్లను అడిగితే ఊళ్లో ఒకరైనా దొరుకుతారు. కాల్చిన సున్నపు రాయిని నీళ్లలో వేసి కనీసం ఒక రోజు నాననివ్వాలి (అది ఉడికి సలసలమంటుంది, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు, కళ్లలో పడితే ప్రమాదం), తర్వాత గుడ్డతో వడకట్టి, బంక కలిపి, పాలలా పలచగా చేయాలి. గోడను ముందు తడిపి, పలచగా మూడు నాలుగు పూతలు వేయాలి. తడిగా ఉన్నప్పుడు ఏమీ పట్టనట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి, ఆరాక తెల్లబడుతుంది. రంగు కలపాలంటే మట్టి రంగులే కలపండి. సున్నం ఘాటుకు చాలా రంగులు వెలిసిపోతాయి, జాజు, పసుపు మట్టి లాంటివి నిలుస్తాయి.

నన్నడిగితే పడసాలకు తెల్ల సున్నం, అడుగున మోకాలెత్తు దాకా జాజు. ఇది మన పల్లెల్లో దసరాకు ముందు ప్రతి ఇంట్లో వేసిన వరసే, వాన చినుకుల మట్టి మరకలు కూడా జాజు మీద కనిపించవు. గుమ్ముల అర్రలో వెలుతురు తక్కువ కాబట్టి అక్కడ పసుపు మట్టి కలిపిన వెచ్చటి రంగు వేయండి. మీ గోడలో నీలం దొరికితే దాన్ని ఒక అర్రకు తప్పకుండా తిరిగి తెచ్చుకోండి.

స్తంభాల సంగతి. పచ్చ ఎనామిల్ కింద ఉన్నది టేకు, దాన్ని బయటికి తీయాల్సిందే. కానీ జాగ్రత్త. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మంట పెట్టి కాల్చడం, పొడిగా సాండ్‌పేపర్ పట్టడం రెండూ వద్దు, ఆ పొగా ఆ దుమ్మూ ముఖ్యంగా పిల్లల ఒంటికి విషం. పెయింటు రిమూవర్ పూసి మెత్తబడ్డాక గీకించాలి, పనివాళ్లకు మంచి మాస్కులు మీరే కొనివ్వండి, పొట్టును వాకిట్లో ఊడ్చేయకుండా సంచిలో కట్టించండి. తర్వాత అవిసె నూనె పలచగా పట్టించండి. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం కుప్పగా వేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో వేయండి.

ఇక సామాను. అటుక మీద, గుమ్ముల అర్రలో ఉన్నవన్నీ వాకిట్లోకి తెచ్చి పరచండి. సందుక, కందీలు, కవ్వం, కుంచం, ఇసుర్రాయి, తాతగారి రాత బల్ల, ఏదైనా సరే. ఒక్కో వస్తువు ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి, రేపటికి చెప్పేవాళ్లు ఉండరు. వాటిలో వాడుకకు పనికొచ్చేవి వాడండి. సందుకలో దుప్పట్లు పెట్టొచ్చు, గుమ్మిలో బియ్యం పోయొచ్చు. బండి గీర గోడకు బిగించడం, నాగలికి వార్నిష్ కొట్టి హాల్లో నిలబెట్టడం నాకు నచ్చదు, హోటల్లా ఉంటుంది. పడసాలను ఖాళీగానే ఉంచండి. అది పది మంది కింద కూర్చునే చోటు. అక్కడ కావాల్సింది మంచి జంపఖానా, అది మీకు పక్కనే ఉంది, వరంగల్ కొత్తవాడలో మగ్గాల మీద నేస్తారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీ వెళ్లింది, కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నేరుగా నేతగాళ్ల దగ్గరే మీ పడసాల కొలత చెప్పి నేయించుకోవచ్చు, జాజు గోడకు నప్పేలా రంగులు కూడా మీరే చెప్పొచ్చు. ఆ ఉయ్యాల డబ్బులో కొంత అక్కడ పెట్టండి.

తలుపు ఒకటో రెండో నిజంగానే తక్కువైతే దగ్గరి కట్టె అడితిల్లో వెతకండి, మన వైపు కూల్చిన ఇళ్ల దర్వాజలు అక్కడికి వస్తాయి, కొలతలూ పనితనమూ మీ ఇంటికి సరిపోతాయి. ఇంకో మాట. వాకిలి మీద ప్లాస్టిక్ రేకు వేయమని ఎవరైనా అంటే వినకండి, ఇంట్లో వేడి గాలి పైకి పోయే దారి అదే. కోతుల బెడదకు ఇనుప జాలీ బిగించండి, మోరీ పూడిక తీయించండి.

ప్రశ్న: మాది జనగామ. అమ్మ పెళ్లినాటి ఇత్తడి బిందెలు, కాగు, గంగాళం అటుక మీద నల్లబడి ఉన్నాయి. మెషిన్ పాలిష్ పట్టించి వార్నిష్ వేయిస్తే ఎప్పటికీ మెరుస్తాయంటున్నారు. లేదంటే తూకానికి అమ్మేయమంటున్నారు.

జవాబు: తమ్ముడూ, తూకం మాట మర్చిపోండి. ఒక్కో బిందెను తిప్పి మెడ దగ్గర చూడండి, పేరు చెక్కి ఉంటుంది. ఇచ్చినవాళ్ల పేరో, అమ్మ పేరో, ఊరి పేరో. మెషిన్ పాలిష్ పడితే ముందు అరిగేది ఆ అక్షరాలే. చింతపండు, ఉప్పు పట్టించి చేత్తో తోమి, వెంటనే కడిగి, పొడి గుడ్డతో తుడవండి, తడి నిలిస్తే మచ్చలు పడతాయి. వార్నిష్ కొన్నాళ్లకు అక్కడక్కడా లేస్తుంది, లేచిన చోట నల్లబడుతుంది, అప్పుడు మొత్తం తీయాల్సి వస్తుంది. పూర్తిగా మెరవాలనే పట్టుదల కూడా అక్కర్లేదు, పాత ఇత్తడికి ఆ మాగిన రంగే అందం. వంటకు వాడితే మాత్రం లోపల కళాయి (తగరం పూత) ఉండాలి, పులుపు తగిలితే ఇత్తడి కిలుము పడుతుంది. సొట్టలు పడినవి ఉంటే మీ దగ్గరే పెంబర్తి ఉంది, ఇత్తడి రేకును కొట్టి రథాలకూ గుడి తలుపులకూ తొడుగులు చేసే ఊరు. అక్కడి పనివాళ్లకు ఒకసారి చూపించండి.

ప్రశ్న: మా పొలం గట్టు దగ్గర చెక్కిన నంది, ఒక వీరగల్లు ఉన్నాయి. కాకతీయుల నాటివంటారు. మా కొత్త ఫామ్‌హౌస్ వాకిట్లో పెట్టుకుంటే బాగుంటుందనిపిస్తోంది.

జవాబు: వద్దండీ. వందేళ్లు దాటిన శిల్పాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, అవి అలంకారానికి మోసుకొచ్చే వస్తువులు కావు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం కూడా ఉంది. ఫొటోలు తీసి, తహసీల్దారుకూ రాష్ట్ర వారసత్వ శాఖకూ రాతపూర్వకంగా తెలియజేయండి. వీరగల్లు అంటే పోరులో చనిపోయిన మనిషి గుర్తు. అది నిలబడిన చోటు కూడా చరిత్రలో భాగమే, కదిలిస్తే ఆ సగం పోతుంది. వాకిట్లో రాయి కావాలనుకుంటే మీ ఇంటి పాత రోలు పెట్టుకోండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. చేర్యాల పటం ఒకటి కొని హాల్లో కిటికీ ఎదురు గోడకు కట్టాం. ఏడాదికే ఒక మూల రంగు ఉబ్బింది, తడి గుడ్డతో తుడిస్తే గుడ్డకు అంటుకుంది.

జవాబు: తడి గుడ్డ ఇంకెప్పుడూ పెట్టకండి. ఈ పటాలు వేసే చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల బంక కలిపి పూసి, ఆరాక దాని మీద బొమ్మలు వేస్తారు. నీళ్లు తగిలితే అడుగు పూత కూడా మెత్తబడుతుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడమే సరి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ బొమ్మకూ నడుమ సందు ఉండాలి, ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న చెక్క ముక్కలు అంటించి గోడకు ఆనకుండా చూడండి, ఎండ నేరుగా పడని గోడకు మార్చండి. ఉబ్బిన మూలను మాత్రం వేసినవాళ్లకే చూపించండి. ఆ పటాలది మొదటి నుంచీ ఎర్రటి నేపథ్యం, అందుకే తెల్ల గోడ మీద నిలుస్తాయి, ఎరుపు గోడ మీద కలిసిపోతాయి. ఒకప్పుడు ఇవి గోడ మీద ఉండేవి కావు, కథలు చెప్పే కూనపులి కులం వాళ్లు బారెడు బారెడు పటాన్ని విప్పుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. మీ పటంలో ఏ కథ ఉందో అడిగి తెలుసుకుని పిల్లలకు చెప్పండి, దాన్ని చూసే తీరే మారుతుంది.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మా పాత ఇంటికి జాజు, సున్నం వేసి మళ్లీ పాత పద్ధతిలో పెట్టాలని నా ఆశ. మా అత్తమ్మ మాత్రం "మాకు ఆ బాధ చాలు, టైల్స్ వేయించండి" అంటోంది. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించే ముందు ఆమె చెప్పింది ఇంకోసారి వినండి. మీకు జాజు అంటే రంగు. ఆమెకు అది పొద్దున లేచి సాంపి (పేడనీళ్లు) చల్లడం, వంగి అలకడం, పండగొస్తే నిచ్చెనెక్కి సున్నం కొట్టడం. ఆ ఇంటి అందమంతా ఏళ్ల తరబడి ఆమె నడుం మీద నిలబడింది. నేనైతే ఆమె మాట సగం కాదు, ముప్పావు వంతు వింటాను. గోడలకు సున్నం వేయించండి, దానికి కారణం చెమ్మ, ఆమెకు ఆ సంగతి మీకన్నా బాగా తెలుసు. కానీ అలుకుడు నేల తిరిగి తేవద్దు. షాబాదు బండలు ఉంటే వాటి సందులు పూడిపించి కడిగించండి, లేకుంటే కొత్తగా పరిపించండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆమె అర్రలో, స్నానాల గదిలో ఆమె అడిగిన టైల్సే వేయించండి, జారనివి చూసి. గోడకు పట్టుకునే కమ్మీ, పక్కనే పాశ్చాత్య పద్ధతి కమోడు. పని ఆ అర్రతోనే మొదలుపెట్టండి, రంగు కూడా ఆమెనే చెప్పమనండి. గులాబీ రంగు అంటే గులాబీ వేయించండి.