సమాధానం: మూడు వోల్కాలు, ఒక రివర్బ్ పెడల్, ఒకే అడాప్టర్

మూడు కోర్గ్ వోల్కాలకు (చిన్న సింథసైజర్లు), రివర్బ్ పెడల్‌కు (శబ్దానికి ప్రతిధ్వని చేర్చే పెట్టె) ఒకే 9 వోల్టుల అడాప్టర్ పెడితే కీచుమంటోందన్నారు కదండీ. ముందు పెడల్ వైరు తీసేయండి. వోల్కాకు అడాప్టర్ పిన్ను మధ్యలో ప్లస్. పెడళ్లలో ఎక్కువ వాటికి మధ్యలో మైనస్. పోలారిటీ (ప్లస్, మైనస్‌లు) మార్చే కేబుల్ లేకుండా కలిపితే పెడల్ గ్రౌండ్ (మైనస్ వైపు) ప్లస్‌కు తగులుతుంది, ఆడియో కేబుల్ గుచ్చగానే షార్ట్. పిన్ను సైజూ వేరే: వోల్కాకు 1.7 మి.మీ., పెడల్‌కు 2.1.

కీచు ఎక్కడిదో తేల్చడం తేలికే. ఒక్కో వోల్కాను ఆరు డబుల్ ఏ సెల్స్‌తో నడపండి. శబ్దం పోతే తప్పు పవర్‌దే: గ్రౌండ్ అందరికీ ఒకటే కావడంతో డిజిటల్ రొద ఆడియో కేబుల్ షీల్డులోంచి మిక్సర్‌లోకి చేరుతుంది. వోల్కాల తాళం కలిపే సింక్ కేబులూ గ్రౌండ్‌ను కలుపుతుందని మరవకండి.

విడివిడి ఐసొలేటెడ్ (గ్రౌండ్ ఒకదానికొకటి తగలని) అవుట్‌పుట్‌లున్న సప్లై కొనండి. 100 మిల్లీయాంప్‌ల అవుట్‌పుట్‌లవి వద్దు, చాలా డిజిటల్ పెడళ్లకే చాలవు. లేబుళ్ల మీది యాంప్‌లు కూడి, పైన 30 శాతం ఉంచుకోండి. డబ్బు ఆదా కావాలంటే వోల్కాలు మూడూ ఒక దాని మీద, పెడల్ విడి అడాప్టర్ మీద పెట్టండి. అప్పటికీ సన్నగా వినిపిస్తే ఆడియో లైన్లో 1:1 ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ (గ్రౌండ్‌ను తెంపి ఆడియోను మాత్రం పంపేది) పెట్టండి.